బోర్డు మీది రేటు

గడియారం సెంటర్ కాడ్నించి రెండో సందు.
మా లాడ్జిల కౌంటరెనక బోర్డుంటది:
సింగిల్ పన్నెండు వందలు.
పెయింటరు రాసిననాడు తొమ్మిది వందలే.
దాని మీద సున్నం పూసి సేటే దిద్దిండు.
దగ్గరికొచ్చి చూస్తె పాత అంకె కనవడ్తది.
దగ్గరికెవరొస్తరు?

పదకొండు దాటినంక తడుసుకుంట వచ్చిండు ఆయన.
ముత్తిలింగం, నేరేడుగొమ్ము మండలం,
రిజిస్టర్ల నేనే రాసిన. వచ్చిన పని: కోర్టు వాయిదా.
దేవరకొండ ఆఖరి బస్సు
చాయ్ గ్లాసు కింద పెట్టేలోపల కదిలిందట.
రెగ్జిన్ సంచి గుండెకానిచ్చి పట్టుకున్నడు
కాగితాలు తడవొద్దని.

"ఎంత?" అన్నడు. బోర్డు సూపిచ్చిన.
లోపలి జేబుల చెయ్యి వెట్టి
బయటికి తియ్యకుండనే
వేళ్లతోటి లెక్కవెట్టిండు.
"తక్కువ జెయ్యి బిడ్డా."

సేటు నాకు నేర్పిన చదువు ఒక్కటే:
రాత్రిపూట మెట్లెక్కినోడు మళ్ల దిగడు.
తడిసినోనికి ఇంకో నూరు కలిపినా అడగడు.

అదే రూము, రెండొందల నాలుగు,
అదే పగిలిన మగ్గు,
తలుపు ఎత్తి పట్టుకుంటెనే పడే గొళ్లెం,
ఫోన్ల ఏడు వందల నలభై మూడు!
యాడనో మంచం మీద ఒరిగి
బొటనవేలితోటి నూకినోనికి ఆ రేటు.
కౌంటర్ మీద మోచెయ్యి ఆనిచ్చినోనికి ఈ రేటు.
ముఖం జూసి బొట్టు వెడ్తరంటరు గని
ముఖం జూడనిదే నయమనిపిచ్చింది ఆ రాత్రి.

"ఫోనుందా పెద్దాయనా?"
ఉంది. బటన్లది. అంకెలరిగిపోయి
ఏది అయిదో ఏది ఎనిమిదో ఆయన వేళ్లకే ఎరుక.

నా ఫోన్ తీసిన.
నా పేరు కొట్టిన, నా నంబరు కొట్టిన.
చక్రం తిరిగి తిరిగి ఆగింది.
నా ముంగటనే కౌంటర్ మీద ట్యాబ్ టింగుమన్నది:
కొత్త బుకింగ్. అతిథి పేరు సైదులు.
దూరం సున్న కిలోమీటర్లు.

తాళంచెవి అందుకున్నడు, కదల్లే.
"మరి అసలు రేటేది?"
జవాబు లేక నవ్విన. ఆయన నవ్వలే.
"మా మూడెకరాలు కాలువల వొయినయి.
పుస్తకంల రాసున్న రేటు కట్టిచ్చిండ్రు.
గెట్టవతల భూమి అడుగుతె
నా నోటికి రాని లెక్క జెప్పిండ్రు.
అమ్మబోతే అడివి, కొనబోతే కొరివి అంటరు.
నేను అమ్మబోనే లేదు బిడ్డా.
పదకొండేండ్ల సంది గదే అడుగుతున్న,
అసలు రేటేదని.
జడ్జీలు మారుతుండ్రు. తారీఖు మారుతుంది."
మెట్లెక్కి పోయిండు.

తెల్లారి నేను లేచేసరికే లేడు.
దుప్పటి నాలుగు మడతలు. బకెట్ బోర్లిచ్చి ఉంది.
సబ్బు కింద యాభై రూపాయల నోటు.
బోర్డుకూ ఫోనుకూ నడుమ
ఆయన తేల్చిన రేటు గావొచ్చు.

ఆ తర్వాత ఇంకెవరెవరో.
పెద్ద దవాఖానల మనుమరాలిని చేర్పిచ్చినామె,
పర్సు పోగొట్టుకున్న విత్తనాల కంపెనీ పిలగాడు.
"ఈ సైదులెవడ్రా, మన లాడ్జినే పట్టుకున్నడు?"
సేటు ఒకనాడు ట్యాబ్ జూసుకుంట అడిగిండు.
ఈ జిల్లాల సైదులు పేరుకేం కరువు సేటూ, అన్న.

నిన్న రాత్రి మెసేజొచ్చింది:
సైదులు గారూ, మీరు నల్గొండలో
నలభై ఒక్క రాత్రులు బస చేశారు.
ఇకనుంచి మీరు మా గోల్డ్ సభ్యులు.
నిద్ర ఎలా పట్టింది? చుక్కలివ్వండి.

కౌంటరెనక బెంచి. తలకాడ రిజిస్టరు.
ఈ లాడ్జిల మంచం మీద
ఇప్పటిదాక ఒక్క రాత్రి నడుం వాల్చలే.
ఎన్ని చుక్కలియ్యాలెనా అని
వేలు వెట్టబోయిన,

మెట్ల మీద చెప్పుల సప్పుడు.
తడి చెప్పులే.